ఆటో తమ్ముడు పాడిన లడ్డు

మొన్న దిల్‌సుఖ్‌నగర్ల మెట్రో దిగి చీరెల దుకాణం దిక్కు పోతుంటే కాలేజీ పిల్లలు కొందరు డబ్బా పట్టుకొని నిలబడ్డరు. డబ్బా మీద నెత్తిన ఎంట్రుక లేని పసిబిడ్డ ఫోటో. క్యాన్సరట, సాయం చెయ్యమంటున్నరు. నా పక్కన నడుస్తున్న ఒకాయన జేబుల చెయ్యి పెట్టి, "ఇవన్నీ నిజమో అబద్ధమో" అని గొణుక్కుంట ఉత్త చెయ్యే బయటికి తీసిండు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అబద్ధమైతే మంచిదే గదనయ్యా, ఒక బిడ్డకు ఆ రోగం లేనట్టే గదా!" అన్న. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి పోయిండు. చీరె కొనబుద్ధి కాలే. ఆ పైసలు డబ్బాల ఏసి ఇంటికొచ్చిన.

మా ఇల్లు కొత్తపేటల. కొన్నేండ్ల కింద మా కింది పోర్షన్ల నల్లగొండ దిక్కు నుంచి ఒచ్చిన ఆటో తమ్ముడు కిరాయికుండె. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాక షేర్ ఆటో తోలెటోడు. కిస్తులు కట్టి కట్టి ఆటోను సొంతం చేసుకున్నడు. పొద్దున దాన్ని కడుగుతుంటే చూడాలె, పెండ్లికొడుక్కు తానం పోస్తున్నట్టే ఉండేది. నన్ను అక్కా అని, మా ఆయన్ని అన్నా అని పిలిచెటోడు. వాళ్లకు ఒక్కతే బిడ్డ. చదివేది ఒకటో తరగతి, నోరు మాత్రం పదో తరగతి. కొత్తగ సున్నమేసిన గోడ మీద నెమలిని గీసిందని నేను లొల్లి చేస్తే, "పెద్దమ్మా, గోడ నీదే గాని నెమలి నాది" అన్నది. గా పిల్లకు రక్తంల క్యాన్సర్ ఒచ్చింది. తగ్గిందన్నరు, మళ్ల తిరగబెట్టింది.

సర్కారు కార్డు మీద దవాఖానల వైద్యం నడిచింది, అబద్ధమెందుకు చెప్పాలె. గాని కార్డుకు అందనివి శానా ఉంటయి. బయట తెచ్చుకోవాల్సిన సూదులు, పరీక్షలు, పాలు, పండ్లు. వాటన్నిటికంటె పెద్దది, తండ్రి దవాఖానల కూసుంటే ఆటో ఇంటి ముంగటనే నిలబడుడు. గల్లీ ఆడోళ్లం తలా ఇంత ఏసుకొని ఇయ్యబోతే చేతులు జోడించిండు. "అక్కా, నేనింక చెయ్యి చాపలే. చాపిన నాడు ఇయ్యుండ్రి" అన్నడు. ఏం పౌరుషమో ఏమో! నాకు కోపమొచ్చింది, ఏడుపూ ఒచ్చింది. పైకొచ్చి ఆ పరేషాన్ల కూర మాడబెట్టిన.

మా ఆయన గల్లీ వినాయకుని కమిటీకి పెద్దమనిషి. బాలాపూర్ లడ్డు లోకానికంతా ఎరుకే. మాది చిన్న గల్లీ, చిన్న లడ్డు, గాని వేలం పాట మాత్రం తగ్గకుండ పాడుతం. మా రివాజు ఏందంటే, పాడుకున్నోళ్లు లడ్డు అప్పుడే తీస్కపోవచ్చు, పైసలు మళ్లొచ్చే చవితి లోపల కట్టాలె. ఆ యేడు కమిటోళ్లు గుట్టుగ ఒక మాట అనుకున్నరు. లడ్డు పైసలు గా బిడ్డ మందులకియ్యాలె, దేవుని పైసలంటే తమ్ముడు కాదనలేడు. హార్డ్‌వేర్ దుకాణం గుంటూరాయన, "నేను గట్టిగా పాడతానండీ, ఆయనకి మాత్రం ముందే చెప్పకండి, నొచ్చుకుంటాడు" అన్నడు. చెప్పలేదు. ఆడనే పప్పుల కాలేసినం.

నిమజ్జనం నాడు పాట షురూ అయింది. గుంటూరాయన ఒక మాట అన్నడు. ఎనక నుంచి ఇంకో గొంతు పెంచింది. తిరిగి చూస్తే ఆటో తమ్ముడు! లడ్డు దక్కినింట్ల మంచి జరుగుతదని అందరి నమ్మకమాయె, బిడ్డ పేరు మీద మొక్కుకొని ఒచ్చిండు. ఆయన కోసమని గుంటూరాయన పెంచుతడు, బిడ్డ కోసమని ఈయన ఇంకింత పెంచుతడు. మైకు పట్టుకున్న మా ఆయనకు చెమటలు కారుతున్నయి. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. ఆఖరికి తమ్ముడు, "నా ఆటో పెడుత, లడ్డు నాకియ్యుండ్రి" అన్నడు. గుంటూరాయన చెయ్యి దించిండు. "నేనిక పాడనండీ. ఆ లడ్డు వాళ్ళ పాపదే" అన్నడు.

తెల్లారి ఆయనే, తాను పాట ఆపిన కాడికి పైసలు తెచ్చి మా ఆయన చేతుల పెట్టిండు. "దేవుని పైసలు, వద్దనొద్దు" అని మా ఆయన ఇస్తే తమ్ముడు కండ్లకద్దుకొని తీసుకున్నడు. బిడ్డకు బయటి తిండి ఏదీ పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పిందాయె, లడ్డంత గల్లీకే పంచిన్రు. "నా లడ్డు నాకు తప్ప అందరికి పెట్టిన్రు" అని పిల్ల నాతోటి మాట్లాడుడు బంద్ పెట్టింది. సూదులు పడ్డయి. చలికాలం గడిచింది. ఉగాదికి నెత్తి మీద ఎంట్రుకలు మొలిచినయి. దువ్వెనకు అందకపోయినా, జర దువ్వు పెద్దమ్మా అని నా ముంగట కూసుండేది, దువ్వేదాన్ని. బడి తెరిచినంక బడికి సుత పోయింది. వానలు పడ్డంక మళ్ల జ్వరమొచ్చింది. గీసారి మందులు పని చెయ్యలే. చవితి రాకముందే పోయింది.

మండపానికి కర్రలు పాతుతున్న నాడు తమ్ముడు పైకొచ్చి మా ఆయన ముంగట ఒక సంచి పెట్టిండు. లడ్డు పైసలు. ఆటో అమ్మిండు. "నిన్నెవరన్న అడిగిన్రా తమ్మీ?" అని మా ఆయన అంటే లేదని తల ఊపిండు. నాకు ఆగలే. "ఏమిచ్చిండని కడుతున్నవ్ రా గా దేవునికి? బిడ్డను తీస్కపోయిండు గదా!" అని అరిచిన. నోరు జారలే, కావాల్నని అన్న.

తమ్ముడు నిమ్మలంగ చెప్పిండు. "ఏడాది ఇచ్చిండక్కా. నేను లడ్డు పాడేటప్పటికే, బిడ్డ చలికాలం దాటుడు కష్టమని డాక్టరమ్మ నాకు చెప్పింది. మా ఇంటామెకు సుత చెప్పలే. దాటింది గదా. బడికి పోయింది. నా ఎనక సీట్ల కూసోని 'జోరుగ తోలు నాయినా' అన్నది. తీసుకున్నదానికి కట్టొద్దా?"

మా ఆయన సంచి తీసుకున్నడు. దవాఖానల గా బిడ్డ పక్క మంచం మీదుండే పిల్ల తల్లికి ఇద్దరూ పోయి ఇచ్చొచ్చిన్రు. తమ్ముడు వనస్థలిపురం దిక్కు ఇల్లు మారిండు, ఇప్పుడు కిరాయి ఆటో తోలుతున్నడు. నాకు అరవై దాటినయి, ఏండ్లన్నీ ఉత్తగనే ఒచ్చినయి, ఎటు పోయినయో సుత చూసుకోలే. ఆయన ఒక్క ఏడాదికి ఆటో అమ్ముకొని, అగ్గువ ధరకే దొరికిందనుకుంటడు.