ముక్తార్ పెట్టెలో ఉప్పెన

బందరు కోనేరు సెంటర్ నుంచి రెండు సందులు లోపలికి వెళ్తే ముక్తార్ కొట్టు. బోర్డు మీద ‘మైక్ సెట్లు, రేడియోలు బాగుచేయబడును’ అని ఉంటుంది. రేడియోలు బాగుచేయించుకునేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారండీ? మైక్ సెట్ల బేరాలు డీజే కుర్రాళ్లు ఎగరేసుకుపోయి పదేళ్లయింది. అయినా యాభై అయిదేళ్ల ఈ మనిషి రోజూ పొద్దున్నే కొట్టు తెరిచి, బల్ల మీద దుమ్ము ఊదుకుని, కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు తగిలించుకుని కూర్చుంటాడు. ఆయన చేసే పని శబ్దాలు తయారుచేయడం. నవ్వకండి, నిజంగా అదే పని.

పామర్రు, గుడివాడ వైపు పద్యనాటకాలు ఆడేవాళ్లు ఒకప్పుడు ఉరుముకి రేకు ఊపేవారు. ముక్తార్ పాత రేడియో సామాను, నాలుగు బ్యాటరీలు, ఒక చెక్కపెట్టె కలిపి ఏదో చేశాక రేకులు మూలపడ్డాయి. ఆ పెట్టె మరలు తిప్పితే గాలి వీచేది, గుర్రాలు పరిగెత్తేవి, యముడు రంగం మీదికి రాకముందే ముందు వరస పిల్లలు తల్లుల ఒళ్లో దూరేవారు. కూచిపూడిలో ఒక డ్యాన్సు మాస్టారు శ్రుతి కోసం ఒక పెట్టె చేయించుకున్నారు. ఎండెక్కితే శ్రుతి దిగిపోతోందని నెలకోసారి దాన్ని బస్సులో తెచ్చి, తిట్టి మరీ బాగుచేయించుకుని వెళ్తారు. గుడివాడలో ఇద్దరు కుర్రాళ్లయితే ఆ పెట్టెలతో పల్లవీ చరణమూ లేని పాటలు గంటలకొద్దీ వాయించి ఫోన్లలో పెడతారు. వాటిని వినేవాళ్లు కూడా ఉన్నారట, ఎవరి పిచ్చి వారికానందం.

“అబ్బాజాన్, వీటిని ఎనలాగ్ సింథసైజర్లంటారు. బయటి దేశాల్లో వీటికోసం పడి చస్తారు,” అని కూతురు తరన్నుమ్ ఒకసారి ఫోనులో బొమ్మలు చూపించింది.

ముక్తార్ అన్నీ చూసి, “బాగానే ఉన్నాయి. మరి వాళ్లు సముద్రం నీళ్లు పోస్తారా?” అన్నాడు.

ఎందుకంటే ఆయన చేసిన వాటిలో అన్నిటికంటే వింతది ఉప్పునీళ్ల పెట్టె. దాని మీద మీటలుండవు, మెట్లుండవు. వెడల్పాటి పింగాణీ పళ్లెం, అందులో గిలకలదిండి నుంచి సీసాలో పట్టి తెచ్చిన సముద్రపు నీళ్లు. చూపుడువేలికి రాగితీగ చుట్టుకుని ఆ నీళ్లలో ముంచితే శబ్దం పుడుతుంది. వేలు కుడికి జరిపితే స్వరం పైకి, ఎడమకి జరిపితే కిందికి. వేలు తీస్తే ఆగిపోతుంది. మంచినీళ్లలో ఉప్పు కలుపుకోవచ్చు కదా అని ఎవరైనా అడిగితే కోపం వచ్చేది ఆయనకి. సముద్రం నీళ్లే కావాలి, అంతే.

ఆ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో బందర్లో పాతవాళ్లకి తెలుసు. డెబ్భై ఏడు ఉప్పెనకి రెండు రోజుల ముందు ముక్తార్ తల్లి నూర్ బీ, తన అక్క పురిటికని దివిసీమ వెళ్లింది. అక్క ఊరు గుల్లలదిబ్బ, నాగాయలంక దాటి సముద్రం వైపు. ఏడేళ్ల ముక్తార్‌ని తండ్రి దగ్గర వదిలి, మూడ్రోజుల్లో వచ్చేస్తానంది. శనివారం సముద్రం లేచింది. అక్క లేదు, అక్క ఇల్లు లేదు, నూర్ బీ శవం దొరకలేదు. తండ్రి వారం రోజులు రేడియో ఆపలేదు. స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య ఆ రేడియో కూతపెడుతుంటే, అమ్మని తీసుకెళ్లిన చప్పుడు ఇలాగే ఉంటుందా అని అడిగాడట పిల్లాడు. షబేబరాత్‌కి ఊళ్లో అందరూ తమవాళ్ల గోరీల మీద పూలు వేస్తారు. ముక్తార్‌కి పూలు వెయ్యడానికి గోరీ లేదు. అమ్మ చివరగా విన్నదేమిటో తను ఒక్కసారి వినాలి. నలభై ఎనిమిదేళ్లుగా ఆ మనిషి బతుకంతా ఆ ఒక్క కోరిక చుట్టూ తిరుగుతోంది.

అలాంటివాడి దగ్గరికి కిందటి అక్టోబరులో గుల్లలదిబ్బ నుంచే కోటేశ్వరరావు వచ్చాడు. చెరువుల్లో రొయ్యలు పెంచుతాడు, నాటకాలంటే ప్రాణం, ఊరి కుర్రాళ్లని పోగేసి ఏడాదికొక నాటకం ఆడిస్తాడు. ముక్తార్‌కి ఇరవై ఏళ్ల స్నేహితుడు. ఈసారి ఉప్పెన మీద నాటకం రాశానన్నాడు. నవంబరు పంతొమ్మిదిన, ఆ రోజే ఆడతామన్నాడు.

ముక్తార్ ఆశ్చర్యపోయాడు. “ఆ రోజు మీ ఊళ్లో మైకు పెట్టరు గదండి. పెళ్లయినా బాజా మోగనివ్వరు గదా.”

“అందుకే పెడతానంటున్నా. మా పిల్లలకి అదేంటో తెలీదు భాయ్. తుఫాను వార్నింగిస్తే సెల్ఫీలు దిగడానికి కరకట్ట ఎక్కుతున్నారు. ఒక్కసారి ఆ చప్పుడు వినిపించామంటే చచ్చినా ఎక్కరు. ఎలా ఉండేదో మా అమ్మ చెబుద్ది, నువ్వు చెయ్యి.”

కోటేశ్వరరావు తల్లి నాగమల్లేశ్వరి ఆ రోజు ఏడాది పిల్లాడిని చంకనేసుకుని తుమ్మచెట్టెక్కి బతికింది. ఆ పిల్లాడే కోటేశ్వరరావు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే అది. ముళ్లు దిగిన మచ్చలు ఇప్పటికీ ఆమె అరచేతుల్లో ఉన్నాయి.

ముక్తార్ కొట్టుకి తాళం వేశాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని పక్క కొట్టువాళ్లు నవ్వారు. ఆ దురద కందదేనని వాళ్లకి తెలియదు. పులిగడ్డ వంతెన మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణుంచి నాగాయలంక, అక్కణ్ణుంచి ఆటో. గుల్లలదిబ్బలో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటి ఉంటే అందులో సామాను దించాడు. ఎదురుగా వంద గజాల్లో తుఫాను షెల్టరు.

నాగమల్లేశ్వరి రోజూ మధ్యాహ్నం వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వినేది. మొదటిరోజు విని, “ఇది లారీ,” అంది. రెండోరోజు, “ఇది మీ బందరు రైలు,” అంది. మూడోరోజు ముక్తార్ చెమటలు కక్కుతూ ఊళలు పెట్టించాడు. ఆమె పెదవి విరిచింది. “గాలి నాయనా ఇది. గాలి ఎవరికి తెలీదు?”

“మరెలా వచ్చింది పిన్నిగారూ?”

ఆమె నేల వైపు చూస్తూ, “చెవికి రాలేదు సాయిబూ. ముందు కాళ్లకొచ్చింది. కింద ఎవరో మంచం లాగుతున్నట్టు. అది తెలిసినోళ్లు లేచారు, తెలీనోళ్లు పడుకునే ఉన్నారు,” అంది.

ఆ మాట పట్టుకున్న ముక్తార్ ఆత్రంలో ఇంకో మాట కూడా అడిగేశాడు. “మా అమ్మ ఆ రోజు ఈ ఊళ్లోనే ఉంది పిన్నిగారూ. నూర్ బీ. పురిటింటికి వచ్చింది. మీరు చూశారా?”

“చీకటి. ఎవరి మొహం ఎవరికి కనపడింది?” అని ఆమె లేచి వెళ్లిపోయింది. నాలుగు రోజులు ఒంట్లో బాగాలేదని రాలేదు. అయిదోరోజు తనే కబురంపింది, పెట్టె ఎంతవరకు వచ్చిందని. అక్కడైనా ఈ మహానుభావుడికి అర్థం కావాలా, వద్దా? కాలేదు. ఆయన బుర్రనిండా కాళ్లకొచ్చే శబ్దమే.

బందరు వెళ్లి, డీజే కుర్రాళ్ల దగ్గర మూలపడ్డ పద్దెనిమిది అంగుళాల స్పీకర్లు రెండు తెచ్చుకున్నాడు. కొట్లోనే వాటికి ఆరడుగుల పొడుగు చెక్కపెట్టె కట్టాడు. తరన్నుమ్ దాన్ని చూసి, “ఇదేంటబ్బా, శవాన్ని పెట్టే జనాజాలాగా ఉంది. నువ్వది అక్కడికి తీసుకెళ్లొద్దు,” అంది. కూతురి మాట ఎప్పుడూ కాదనని మనిషి ఆ రోజు వినిపించుకోలేదు.

నవంబరు పద్నాలుగు. మధ్యాహ్నం మూడు గంటలు. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఎండ చిటపటలాడుతోంది. ఫ్యాక్టరీ సిమెంటు నేల మీద ఆ పొడుగుపెట్టెని బోర్లించి, పళ్లెంలో నీళ్లు పోసి, ముక్తార్ వేలికి తీగ చుట్టుకున్నాడు. నాగమల్లేశ్వరి ఆ రోజు కుర్చీ వద్దంది. చెప్పులు విడిచి, వట్టికాళ్లతో అతని పక్కన నిలబడింది.

వేలు ముంచాడు. ఎడమకి, ఇంకా ఎడమకి. గురగుర సన్నగిల్లి, సన్నగిల్లి, ఇక చెవికి ఏమీ అందలేదు. పెట్టె ఆగిపోయిందనే అనుకున్నాడు. అప్పుడు చూస్తే పళ్లెంలో నీళ్లు వణుకుతున్నాయి. నేల మీద సన్నటి ఇసుక తనంతట తను జరుగుతోంది. అరికాళ్లలోంచి ఏదో మోకాళ్లదాకా ఎక్కింది.

బయట ఎవరిదో గేదె పలుపు తెంపుకుని పరిగెత్తింది. తర్వాత మనుషులు కనిపించారు. తెరిచిన తలుపులోంచి ఎదురుగా వీధి కనబడుతోంది. ఒక ముసలాయన తింటున్న కంచం ముందు నుంచి లేచి వచ్చాడు, ఎంగిలిచెయ్యి అలాగే ఉంది. వెనక ఇద్దరు ఆడవాళ్లు. ఇంకో గుమ్మంలోంచి కర్ర పట్టుకుని మరొకాయన. ఎవరూ మాట్లాడుకోవడం లేదు, ఒకరినొకరు చూసుకోవడం లేదు. అందరూ అరవై దాటినవాళ్లే. వరసగా వెళ్లి షెల్టరు మెట్లు ఎక్కుతున్నారు. అరుగు మీద ఫోన్లు చూసుకుంటున్న కుర్రాళ్లు తలెత్తి, వీళ్లకేమైందా అన్నట్టు చూస్తున్నారు. వాళ్లకేమీ తెలియలేదు.

కుదిరింది. అమ్మ విన్నది ఇదే. ముక్తార్‌కి కళ్లనీళ్లు తిరిగాయి, అంతకు పదింతలు భయం వేసింది. ఇక చాలు, వేలు తీసేద్దామనుకున్నాడు.

ఇంతలో పక్కన నాగమల్లేశ్వరి తూలింది. కళ్లు మూసుకుంది. ఎడమచెయ్యి చంకలో బిడ్డ ఉన్నట్టు వంగి ఉంది. పడిపోతుందని ముక్తార్ ఖాళీగా ఉన్న చేత్తో ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాడు.

“వదులక్కా,” అంది నాగమల్లేశ్వరి.

“పిన్నిగారూ, నేనండి.”

“వదులు బందరక్కా. కొమ్మ ఆగట్లా.” ఆ గొంతు ముసలిది కాదు. “నీ బిడ్డ బందర్లో ఉన్నాడన్నావుగా. ఆడు బాగానే ఉంటాడు. నా బిడ్డ జారిపోతున్నాడక్కా. వదులు.”

ముక్తార్ పట్టు వదల్లేదు. ఆమె వంచిన ఎడమచెయ్యి విప్పకుండానే, ఆ వేళ్లతోనే అతని వేళ్లు ఊడదియ్యడం మొదలుపెట్టింది. చిటికెనవేలు. ఉంగరపువేలు. ఎంత బలమండీ ఆ చేతికి, అరవై ఎనిమిదేళ్ల మనిషికి. మధ్యవేలు. చూపుడువేలు విరిగిపోతుందేమో అన్నంత వెనక్కి వంచింది. చివరికి బొటనవేలు కూడా విడిపించుకుని, “పోయింది,” అంది, చాలా మెల్లగా. తర్వాత నేల మీద కూలబడి, ఖాళీ చంకని గుండెకి అదుముకుని ఊగసాగింది.

ముక్తార్ కుడిచేతి వేలు ఇంకా నీళ్లలోనే ఉంది. ఎందుకు తియ్యలేదో తర్వాత ఆయనకే తెలియలేదు. అమ్మ చివరగా విన్నది సముద్రాన్ని కాదు. ఈ మాటల్ని.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. కోటేశ్వరరావు పరిగెత్తుకొచ్చాడు, మొహం వెలిగిపోతోంది. “భాయ్, మా ముసలాళ్లంతా షెల్టరెక్కి కూర్చున్నారు. ఎందుకెక్కారంటే ఒక్కళ్లకీ చెప్పడం రావట్లా. కుదిరిందా? కుదిరినట్టేనా?”

ముక్తార్ తలెత్తి అతన్ని చూశాడు. నెరిసిన మీసం, కాస్త పొట్ట, చొక్కాజేబులో నాటకం కాగితాలు, నలభై తొమ్మిదేళ్ల మనిషి. ఇరవై ఏళ్లుగా తన కొట్టుకి వచ్చి టీ తాగి వెళ్లే మనిషి. ఆ రోజు చెట్టు మీద నిలిచింది ఇతను. ఒక్క మాట అంటే చాలు, ఆ వెలుగుతున్న మొహం ఇక జన్మలో తేరుకోదు.

వేలు తీశాడు. ఇసుక ఆగింది.

“కుదర్లేదండి,” అన్నాడు. “ఆ శబ్దం నా వల్ల అయ్యేది కాదు. మీ నాటకానికి వట్టి ఉరుములు పెట్టుకోండి.”

“మరి వాళ్లంతా...”

“ఏమోనండి. దింపండి, ఏమీ రావట్లేదని చెప్పండి. ముందు పిన్నిగారిని ఇంటికి తీసుకెళ్లండి, ఎండకి కళ్లు తిరిగినట్టున్నాయి.”

పళ్లెం ఎత్తి నీళ్లన్నీ నేల మీద పారబోశాడు. కోటేశ్వరరావు నీరుగారిపోయి, తల్లి దగ్గర కూర్చుని, చేతులు పట్టుకుని లేపాడు. ఆమె కళ్లు తెరిచింది. కొడుకుని చూసింది, పొడుగుపెట్టెని చూసింది, ముక్తార్ ఎర్రగా కందిన వేళ్లని చూసింది. కొడుకు నడిపించుకుని వెళ్తుంటే గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

“సాయిబూ, నేనేవన్నా అన్నానా?”

ముక్తార్ వేళ్లు వెనక్కి దాచుకున్నాడు.

“ఏమీ అన్లేదు పిన్నిగారూ,” అన్నాడు.