ఫోన్ క్లాసులో ఐదో గొంతు

దయ్యాలూ ఆత్మలూ అంటే నవ్వి ఊరుకునే మనిషిని నేను. ఇరవై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. కప్పను కోసి గుండె చూపించినదాన్ని, కంటికి కనబడనిదాన్ని ఎలా నమ్ముతాను? అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మానుకోటలో ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో పనిచేసేదాన్ని. ఆ వానాకాలం ఊళ్లకు ఊళ్లే విషజ్వరాలతో మంచం పట్టాయి. మా హాస్టల్లోనూ పిల్లలు ఒకరి వెనక ఒకరు పడిపోతుంటే, కాలేజీ మూసేసి అందరినీ ఇళ్లకు పంపారు. పరీక్షలు చూస్తే దగ్గరికొచ్చాయి. సమ్మెతో బస్సులు కూడా లేవు.

ఇక ఫోన్లోనే చెబుదామనుకున్నాను. అప్పటి మామూలు ఫోన్లలోనే నలుగురైదుగురిని ఒకేసారి కలుపుకోవచ్చు. రోజూ పొద్దున పదింటికి మరిపెడ వైపు పిల్లలు ముగ్గురినీ, కొత్తగూడ నుంచి సరితనూ కలిపేదాన్ని. సరిత ఊరి పక్కనే నీల వాళ్ల తండా. ఆ తండాలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల నీల. అక్కడ సిగ్నల్ అందదు. ఆమె నంబరు కలవలేదు. అయినా హాజరు తీసుకునేటప్పుడు అలవాటుగా ఆమె పేరూ పిలిచాను.

“ఉన్న మేడం,” అంది నీల.

సరిత దగ్గరికొచ్చి కూర్చుందనుకున్నాను.

ఆరు రోజులు అలాగే పలికింది. గొంతు నీరసంగా ఉండేది. జ్వరం తగిలి లేచిందేమో అనుకున్నాను. గుండె పాఠం చెప్పిన రోజు ఒక ప్రశ్న కూడా అడిగింది.

“మేడం, మనిషికి సోయి లేకున్నా గుండె ఎట్ల కొట్టుకుంటది? దానికి ఎవలు చెప్తరు?”

“ఎవరూ చెప్పక్కర్లేదమ్మా. స్పృహ ఉన్నా లేకున్నా కొట్టుకోవడం దానికే తెలుసు,” అన్నాను.

ఏడో రోజు సరితతో, ఫోన్ ఒకసారి నీలకివ్వమన్నాను.

“నీల నా దగ్గర యాడుంది మేడం? మీరే కలిపిన్రనుకున్న.”

మరిపెడ పిల్లలు ముగ్గురూ ఆమె గొంతు రోజూ విన్నామన్నారు. సరిత వాళ్లన్న బండి మీద తండాకు పోయి కనుక్కొచ్చాడు. నీల తొమ్మిది రోజులుగా వరంగల్ దవాఖానలో ఉంది. జ్వరం మెదడుకెక్కి స్పృహ లేదు.

మర్నాడు తెల్లారగానే తెలిసినవాళ్ల బండి మీద బయలుదేరాను. మంచం మీద నీల సగమైపోయి ఉంది. నన్ను చూసి వాళ్లమ్మ లేచి నిలబడింది.

“మేడమంటే నువ్వేనా అమ్మా? దినాం పది గొట్టంగ ‘ఉన్న మేడం’ అంటది. ఇగ మల్ల సప్పుడుండది. ఓనాడు గుండె గుండె అన్నది. గుండె ఆగుతదేమోనని నాకు బుగులైంది.”

పది కావస్తోంది. ఏమనిపించిందో, నీల చెయ్యి పట్టుకుని క్లాసులో పిలిచినట్టే పిలిచాను.

పెదవులు కదిలాయి. “ఉన్న మేడం.”

వాళ్లమ్మ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను నాలుగు రోజులు అక్కడే ఉండిపోయి, రోజూ పదింటికి పిలిచాను. ఐదో రోజు నీల కళ్లు తెరిచింది. బతికించింది మందులే, అందులో నాకు అనుమానం లేదు.

నీల కాలేజీకి తిరిగొచ్చాక అడిగాను. ఫోన్ క్లాసుల సంగతే ఆమెకు తెలియదు. ప్రశ్న అడిగిన గుర్తూ లేదు.

“ఎవలో పేరు వెట్టి పిలిచినట్టుండె మేడం. పిలిస్తె పలకాలె గద,” అంది.

వరంగల్‌లో జ్వరంలో కలవరించిన మాట మా ఫోన్లలోకి ఎలా వచ్చిందంటే, నా చదువంతా వెతికినా జవాబు దొరకలేదు. వచ్చింది. ఐదుగురం విన్నాం.