ముళ్లతోక బల్లిది ఏ షిఫ్టు?

రాజమండ్రిలో జంతుశాస్త్రం చెప్పే నేను, గోదావరిఖనిలో షేర్ ఆటో ఎక్కి, పాఠం కోసం ఫోన్‌లో దాచుకున్న ఎడారి బల్లి ఫొటో చూసుకుంటున్నాను. పక్కనున్న రిటైరైన గని కార్మికుడు తొంగి చూశాడు.

"గిదేంది సారూ, ఉడుమా?"

"కాదండీ, తొండల కుటుంబమే. తోకనిండా ముళ్లు. గడ్డి తింటుంది. బొరియ తవ్వుకుని ఉంటుంది."

"ఏ షిఫ్టు?"

ఆ వర్గీకరణ నా పుస్తకాల్లో లేదు. ఎండెక్కాక బయటికొచ్చి తింటుందని, మళ్లీ బొరియలో దూరి లోపలినుంచి మన్నుతో మూసేసుకుంటుందని చెప్పాను.

"తవ్వుడు జూసి మనోడే అనుకున్న. గిది ఆఫీసరు."

ఆటోలో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే.

"మీ డ్యూటీ ఎన్నింటికి సారూ?"

"పదింటికి."

పెద్దాయన మెల్లగా వంగి, నా వెనక తోకేమైనా ఉందేమోనని చూశాడు.