లంఖణాల్లో పండు వాసన

పందొమ్మిదివందల యాభైలలో నేను రాజమండ్రిలో ఓ డాక్టరుగారి దగ్గర కాంపౌండరుని. కొత్తపేట అవతల పల్లెలో ఉన్న మా చెల్లెలు వరలక్ష్మికి సన్నిపాత జ్వరం, అదే టైఫాయిడ్, వచ్చింది. ఒకరోజు వాళ్ల అత్తగారు కార్డు రాయించారు: "జ్వరం తగ్గింది. లంఖణాలు ఇంకా సాగుతున్నాయి, తిండి పెట్టడంలేదు. పిల్ల మాట వినడంలేదు. వచ్చి మందలించి వెళ్లండి." అందుకే బయలుదేరాను.

ఉదయం ఆరింటి బస్సెక్కి జొన్నాడలో దిగాను. అప్పటికి వంతెన లేదు. రేవులో అణా ఇచ్చి పడవలో గోదావరి దాటి, రావులపాలెంలో ఇంకో బస్సు పట్టుకుంటే కొత్తపేట చేరేసరికి పదకొండు. అక్కణ్ణించి జట్కా. జ్వరంతో లంఖణాల్లో ఉన్న చెల్లెల్ని చూడ్డానికని చెప్పాను.

"ఎన్నో లంఖణమండీ?" అన్నాడు జట్కా అతను.

"ఇరవై ఆరు."

"అదేంటండీ! ఇరవై ఒకటికే అన్నం పథ్యం పెట్టేస్తారు కదండీ?"

నాకూ అర్థం కాలేదు.

గుమ్మంలోనే అత్తగారు ఎదురొచ్చారు. "ఇరవై ఒకటో రోజున పథ్యానికి పాతబియ్యం కూడా కడిగేనండీ. తీరా చూస్తే నోరంతా పండు వాసన! దొంగచాటుగా అరటిపండు తినేసిందండీ. వైద్యులుగారు మళ్లీ మొదటినుంచీ లంఖణాలు చేయించమన్నారు." ఆవిడ చెడ్డమనిషి కాదు. కోడలి మంచం పక్కనే చాప వేసుకుని, తనూ ఒంటిపూట తింటున్నారు.

వరలక్ష్మి మీదికి వంగాను. నిజమే, మగ్గిన పండు వాసన. "నిజం చెప్పమ్మా, తిన్నావా?" అన్నాను.

"లేదన్నయ్యా," అని గోడవైపు తిరిగింది. వీపులో ఎముకలన్నీ కనిపించాయి. అప్పుడు వెలిగింది నా బుర్రలో. తిండి లేకపోతే ఒళ్లు తను దాచుకున్న కొవ్వును కరిగించుకుని ఆ శక్తితో బతుకుతుందని, అప్పుడు ఊపిరి పండు వాసన వేస్తుందని, కొవ్వయిపోతే కండ కరుగుతుందని మా డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో!

"తిననందుకే ఈ వాసనండీ, ఒళ్లు కరిగిపోతోంది," అన్నాను.

"ఒళ్లు కరిగితే పండు వాసనేమిటండీ!" అంటూనే ఆవిడ వంటింట్లోకి పరుగెత్తి గంజి తెచ్చారు. వరలక్ష్మి రెండు చెంచాలు మింగింది. మూడోది పెదవి పక్కనుంచి కారిపోయింది. మర్నాడు మధ్యాహ్నం పోయింది.

అత్తగారిని ఒక్క మాటా అనలేకపోయాను. ఆవిడకు తెలియదు. తెలిసిన నేనూ ముందు దొంగతనం గురించే అడిగాను, అదే నన్ను తినేస్తోంది. లంఖణాల్లో ఉన్నవాళ్లను చూడటానికి మీరు వెళ్తే, ఊపిరిలో పండు వాసన తగలగానే డాక్టరుకు కబురంపండి, గంజినీళ్లు కొద్దికొద్దిగా పట్టండి. తినలేదని మనిషి చెబితే నమ్మండి.