నా లినక్స్ ఫోను, నాన్న రెండు మిస్డ్‌కాల్స్

మూడేళ్ళుగా ఆండ్రాయిడూ ఐఫోనూ కాని లినక్స్ ఫోనే వాడుతున్నాను. లినక్స్ ఫోను రోజువారీ వాడకానికి పనికిరాదన్న ఎందరి నోళ్ళో దాన్నే సాక్ష్యంగా చూపి కాలేజీ డిబేట్లలో మూయించాను. ఇంట్లో దాని బాధ్యత ఒక్కటే: ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు గోల్‌మురి దాటగానే నాన్న మిస్డ్‌కాల్ ఇస్తారు, నేను స్కూటీ తీసుకుని బారిడీహ్ స్టాపుకు వెళ్తాను.

ఈ సాయంత్రం అది మోగలేదు. నాన్న వానలో తడిసి నడుచుకుంటూ ఇల్లు చేరారు. నేను వెంటనే వాదనకు దిగాను.

"నువ్వు చేసుండవు నాన్నా. మూడేళ్ళలో ఇది ఒక్కసారైనా మోగకుండా ఉందా, బోలో."

నాన్న తల తుడుచుకుంటూ అన్నారు: "చేసేనమ్మా. ఒక్కసారి చేసేసరికి నా బ్యాటరీ ఖతం అయిపోనాది. రోజూ అయితే రెండుసార్లు చేత్తాను."

"రెండుసార్లెందుకు?"

"మొదటిదానికి నీ ఫోను నిద్ర లేత్తాది, రెండోదానికి మోగుతాది. నువ్వు దాన్ని అంత పొగుడుతుంటే ఏటని చెప్తాను?"

నా తిరుగులేని సాక్ష్యాన్ని ఇన్నాళ్ళూ నిలబెట్టింది నాన్న బొటనవేలని అలా తేలింది.

అయినా లినక్స్‌ను వదలను. మొదటి కాల్‌కే ఫోను మేలుకునే ఉపాయం తెలిసినవారు దయచేసి చెప్పండి. వేరే ఫోను కొనుక్కోమనేవారితో ఎంతసేపైనా చర్చకు సిద్ధమే, సాయంత్రం తప్ప. ఆ వేళకు నేను స్టాపుకు ముందుగానే వెళ్ళి నిలబడి ఉంటాను.