పుట్టింటికి వచ్చిన గుర్రం

మొన్న ప్రొద్దుటూరులో పెళ్ళి ఊరేగింపు అడ్డం వచ్చి మా ఆటో ఆగిపోయింది. డీజే మోతకు నా గుండెలు అదురుతుంటే, పెళ్ళికొడుకును మోస్తున్న తెల్లగుర్రం మాత్రం ఏమీ పట్టనట్టు నిలబడి ఉంది. పొట్ట కాస్త కిందికి జారినట్టు కనిపించింది. చూడిదేమో అనుకున్నాను. అంతే, ఇంటికి వచ్చాక కూడా నాకు కాలు ఒకచోట నిలవలేదు. గుర్రం ఎప్పుడు ఈనుతుందా అని ఇల్లంతా ఎదురుచూసిన వాళ్ళం మేము. ఆ నిలకడలేనితనం అసలు మా నాయనది, నాకూ కొంత అంటుకుంది.

మాది తొండూరు దగ్గర పల్లె. మా తాతకు గుర్రాల పిచ్చి. ఆయన పోయాక మిగిలిన ఒక్క గుర్రమూ మా కొట్టంలోనే ఈనుతూ చచ్చిపోయింది. పిల్ల బతికింది. దానికి నాయన సీసాతో ఆవుపాలు తాపి పెంచాడు. పెద్దదయ్యాక ఇంట్లో ఎక్కేవాళ్ళు లేరు, మేత భారమైంది. వేంపల్లెలో పెళ్ళిళ్ళకు గుర్రాలు తిప్పే సాయిబుకు ఇచ్చేశాడు. అది చూడి కట్టిందని విన్నప్పటి నుంచి ఆయనకు సరిగ్గా నిద్ర లేదు. నెలలు నిండుతుండగా వేంపల్లె పోయి, "తొలికాన్పు పుట్టింట్లోనే జరగాల మామా, మీ ఇండ్లల్లో అట్ల గాదా?" అని అడిగాడట. సాయిబు నవ్వి, గుర్రాన్ని బండి ఎక్కించి మా ఇంటికి పంపించాడు. ఊరు కూడా నవ్వింది. నవ్వనిది అమ్మ ఒక్కతే. తల్లి పోయినట్టే ఇదీ పోతుందేమోనని ఆయన భయమని ఆమెకు తెలుసు.

అనుకున్న గడువు వచ్చింది, పోయింది. పొదుగు దిగింది గానీ గుర్రం ఈనలేదు. పశువుల డాక్టరు వచ్చి, గుర్రాలకు ఇలా వెనకాముందూ అవుతుంటుందని, లోపల పిల్ల కదులుతోందని చెప్పి పోయాడు. ఆ మాట నాయన చెవికెక్కలేదు. రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. నాపరాళ్ళ గోడ పొడుగునా తిరగడం, పొదుగు తడమడం, తోక ఎత్తి చూడడం, మళ్ళీ తిరగడం. జొన్నసొప్ప వేసేవాడు, తినడం లేదని తీసేసేవాడు, మళ్ళీ వేసేవాడు. పిల్లల సెలవులకని వచ్చిన నేను రోజూ ఇదంతా చూస్తున్నాను. నా తొలికాన్పుకు ఇదే మనిషి ప్రొద్దుటూరు ఆసుపత్రి వరండాలో పేపరు మొహం మీద వేసుకుని గురక పెట్టాడు. ఆ మాటే అన్నాను. "నీకు డాక్టరమ్మ ఉండె. దీనికెవరుండారు?" అన్నాడు.

ఒక పొద్దున అమ్మ తెగించింది. నాయన కొట్టంలో అడుగు పెడితే చాలు, గుర్రం మేత వదిలేసి, చెవులు నిక్కించి ఆయన వైపే తిరిగి నిలబడడం ఆమె గమనించింది. నా వైపు చెయ్యి చూపించి, "దీన్ని కనేటప్పుడు మీ అమ్మ ఇట్లనే తలుపుకాడ కాపలా కాసె. వచ్చే నొప్పులు గూడా ఆగిపాయె," అంది నాయనతో. "నువ్విట్ల తిరుగుతాంటే అదెట్ల ఈనుతుంది? జమ్మలమడుగులో మా అక్కకు శానా బాగలేదంట. పోయి చూసిరా పో." నాయన గొణుక్కుంటూ బస్సెక్కాడు.

ముద్దనూరు చేరకముందే ఫోన్. "ఏమన్నా ఉందా?" "ఏముంది, సొప్ప తింటాండాది," అంది అమ్మ. అప్పటికి అది నిజమే. రెండోసారి ఫోన్ వచ్చేసరికి గుర్రం పడుకుని ఉంది. ఒళ్ళంతా చెమట. తెల్లటి పొరలో పిల్ల ముంగాళ్ళు బయటికి వస్తున్నాయి. వంటింటి కిటికీలోంచి అదంతా చూస్తూనే అమ్మ, "ఏం లే, నిలబడుకోనుంది," అంది. దాని తల్లి పోయింది కూడా ఆ చోటే. పిల్ల జారి పడింది. గుర్రం కదల్లేదు. అమ్మ వేళ్ళు నా భుజంలోకి దిగిపోయాయి. అప్పుడు గుర్రం మెల్లగా తల తిప్పి పిల్లను నాకడం మొదలుపెట్టింది.

జమ్మలమడుగులో పెద్దమ్మ వాకిలి ఊడుస్తూ ఎదురైందట. "నాకేం రోగం? ఎవరు చెప్పిరి?" అని కోప్పడిందట. నాయన మంచినీళ్ళు కూడా తాగకుండా ఆటో మాట్లాడుకుని వచ్చేశాడు. అప్పటికి పిల్ల లేచి పాలు తాగుతోంది. ఆయన దాన్ని చూడనైనా లేదు. తల్లి మెడ మీద చెయ్యేసి, జూలులో మొహం దాచుకుని చాలాసేపు నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. తర్వాత అమ్మతో, "ఫోన్ చేస్తే ఎందుకు చెప్పలా?" అన్నాడు. "చెప్తే వచ్చేస్తావని."

ఆ కాన్పు కథ నాయన ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. మొదట్లో, "నేను లేనప్పుడు ఈనింది" అనేవాడు. కొన్నేళ్ళకు, "నేను వాకిట్లోకి రావడం, పిల్ల పడడం" అయింది. చివరి రోజుల్లో నా పిల్లలకు చెప్పేటప్పుడు ముంగాళ్ళు పట్టి లాగింది ఆయనే, పొర చించింది ఆయనే, గుర్రం తల పెట్టుకుంది ఆయన ఒళ్ళోనే. పక్కన కూర్చుని శెనక్కాయలు ఒలిచే అమ్మ ఒక్కసారి కూడా కాదనలేదు. ఇప్పుడు నాయన లేడు. ఆ పొద్దు కొట్టంలో ఎవరూ లేకపోవడం నేను కళ్ళారా చూశాను. అయినా తలుచుకుంటే, ఆ గుర్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆయనే కనిపిస్తాడు. మేము ఆయన దగ్గర లాక్కున్న ఆ పొద్దును కాలం మెల్లమెల్లగా ఆయనకే ఇచ్చేసింది.