రెండు తువ్వాళ్లు

తొంభైల చివర్లో మా శింగనమల బస్సులో సీటు కావాలంటే, బయటి నుంచే కిటికీలోంచి తువ్వాలు వేసుకోవాలి. ఆ రోజు అనంతపురం బస్టాండులో ఒకే సీటు మీద రెండు తువ్వాళ్లు పడ్డాయి. వేసినవాళ్లిద్దరూ గొంతులు చించుకుంటుంటే, నా పక్కన కూర్చున్న పెద్దాయనను కండక్టర్ గుర్తుపట్టాడు. ఒకప్పుడు సాక్షిగా ఆయన ముందు నిలబడ్డాడట.

"సెషన్స్ కోర్టు జడ్జి సారు ఈడే ఉండాడు. ఆయన్నే అడగండప్పా!"

బస్సంతా ఇటు తిరిగింది. పెద్దాయన రెండు తువ్వాళ్లనూ చూసి, "నాకు తెలీదప్పా" అన్నాడు.

"మీకే తెలీకుంటే ఎట్ల సార్?"

"రిటైరైనా కదా. ఇప్పుడు తెలీదని చెప్పొచ్చు" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు పోట్లాట మెత్తబడి, ఇద్దరూ ఆ సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నారు.

తర్వాత నాతో మెల్లగా అన్నాడు. "ఆ కుర్చీలో ఉన్నన్నాళ్లూ తెలీదనేదానికి లేకపోయె. ఇద్దరిదీ నిజమే అనిపించినా ఒకర్ని ఓడించాల్సిందే. అన్నం ముందర కూర్చుంటే, ఓడినోడు ఈ పొద్దు తిన్నాడో లేదో అనుకుంటాంటి."

నేనూ ఆ రోజు పోతున్నది తీర్పు చెప్పడానికే. మా అక్క కొడుకులిద్దరూ ఒక బోరు కోసం మాటలు మానేశారు. ఏం చెప్పినా ఒక ఇంటికి దూరమవుతానని నాకు నిద్ర పట్టడం లేదు.

ఊళ్లో దిగి, ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"నాకు తెలీదురా. మీరే మాట్లాడుకోండి."

"ఇదేంది మామా, ఇంత దూరమొచ్చి ఇదా చెప్పేది!" అని ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు.

ఆ రాత్రి అక్క ఇంట్లో గుర్రుపెట్టి నిద్రపోయాను.